అడగకుండా ఎక్కిన కొండలు

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నంలో సగం ఊరికి మన్యం గుర్తొస్తుంది. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం, అనంతగిరిలో కాఫీ తాగడం, కటికి జలపాతం కింద తడవడం, అరకులో రాత్రి మంట వేసుకుని కూర్చోవడం. ఇంకాస్త ఓపికున్నవాళ్లు పాడేరు దాకా వెళ్లి, చీకటితోనే వంజంగి కొండెక్కి, మబ్బుల మీద సూర్యుడు పొడవడం చూసొస్తారు. నేనూ ఆ జనంలో మనిషినే. అందుకే ఇక్కడ ‘మనం’ అనే రాస్తున్నాను. ఆ కొండల్ని పాడుచేసినవాళ్లు వేరే ఎవరో అని చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు.

వంజంగి పాడేరు పక్కన ఒక చిన్న ఊరు. దాని పైనున్న కొండకి ‘మేఘాల కొండ’ అన్న పేరు మోగిపోయింది ఫోన్లలో వీడియోలు తిరగడం మొదలయ్యాకే. కొండ మీద కాలిబాట అంటే ఒకరి వెనక ఒకరు నడిచే వెడల్పు. మంచుకి తడిసి జారుతుంటుంది కాబట్టి మనం పక్కనున్న గడ్డి మీద అడుగేస్తాం. వెనకొచ్చేవాళ్లు ఇంకాస్త పక్కకి జరుగుతారు. గడ్డి చచ్చిపోతే దాని వేళ్లు పట్టుకున్న మన్ను వదులవుతుంది. వానాకాలంలో ఆ బాటే కాలవై పైమట్టిని కిందికి దించుకుపోతుంది. ఏ ఒక్కరి అడుగూ నేరంలా కనిపించదు. సెలవు రోజుల్లో వందలమందిమి ఒకేసారి ఎక్కుతాం. ఆ మట్టి కొండకి మళ్లీ పట్టాలంటే ఎన్నేళ్లు కావాలో మనం ఒక్కసారీ ఆలోచించలేదు.

చేలని కూడా మనం వదల్లేదు. శీతాకాలం మొదట్లో అరకులోయ అంతా పసుపు పరుచుకుంటుంది. అవి వలిసె పూలు. గింజల్లోంచి నూనె తీస్తారు, పువ్వుల మీద తేనెటీగలు బతుకుతాయి. పండించే రైతు ఇంటికి అది ఏడాది పంట. గట్టు మీద నుంచి తీస్తే ఫోటో బాగా రాదని మనం చేను నడిమికి వెళ్లాం. పిల్లల్ని నిలబెట్టాం, పెళ్లికి ముందు ఫోటోల వాళ్లు గొడుగులూ లైట్లూ దించారు. తొక్కిన మొక్క గింజ కట్టదు. రైతు పదో ఇరవయ్యో అడిగితే, పూలు చూడ్డానికి కూడా డబ్బులా అని బేరమాడాం. మన పెరట్లో బంతి మొక్కని పక్కింటి పిల్లాడు తుంచితే ఊరుకోం. ఆ గిరిజన రైతు మాత్రం మనల్ని చూసి నవ్వాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది విస్తరాకు. అడ్డతీగ ఆకులు తెచ్చి, వెదురు పుల్లలతో ఒకదానికొకటి గుచ్చి, గుండ్రంగా కుట్టే విస్తర్లు ఈ మన్యం చేతిపనే. అడవిలోకి పోయి తీగల నుంచి ఆకు కోయడం, కట్టలు కట్టి మోసుకు రావడం, ఇంటి ముందు కూర్చుని కుట్టడం చాలావరకు ఆడవాళ్ల పని. సంతలో అమ్ముకుంటే ఇంటి ఖర్చుకి నాలుగు డబ్బులు వస్తాయి. అన్నం తిని పారేస్తే పశువు నములుతుంది, లేదా మట్టిలో కలిసిపోతుంది. అలాంటి కొండకి మనం కార్ల డిక్కీల్లో థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు వేసుకుని వెళ్లాం. బొంగు చికెన్ అక్కడిదే కావాలన్నాం. దాన్ని పెట్టుకునే ఆకు మాత్రం మనకి అక్కర్లేకపోయింది. చాపరాయి గెడ్డ దగ్గర బండల సందుల్లో ఇరుక్కున్న గ్లాసులు, సీసా పెంకులు, చిప్స్ కవర్లు మనవి. ఆ గెడ్డలో స్నానానికి దిగే స్థానికులు మనలాగా చెప్పులతో రారు. గాజు పెంకు గుచ్చుకునేది వాళ్ల కాళ్లకే.

కటికి దగ్గర దూకే నీళ్లు గోస్తనీ నదివి. ఆ నదే బొర్రా గుహల దారిన కొండ దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. తాటిపూడి నుంచి విశాఖపట్నానికి తాగునీళ్లు వస్తాయి. అంటే ఆదివారం పైన మనం షాంపూతో తలంటుకున్న నీళ్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మధ్యలో ఉన్న ఊళ్లవాళ్లకి శుద్ధి చేసే కేంద్రం కూడా లేదు. గెడ్డలో బిందె ముంచుకుని ఇంటికి తీసుకెళ్తారు. మన స్నానాల రేవు వాళ్ల తాగునీటి రేవు. ఇది మనకి తెలియక కాదు. బిందెలతో ఎదురొచ్చిన ఆడవాళ్లని చూశాం, వాళ్లకి దారిచ్చాం, మళ్లీ నీళ్లలోకి దిగాం.

ప్రాణాల విషయంలోనూ అంతే. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లిన ఎనభైమందికి పైగా పర్యాటకులు, తిరుగుదారిలో వాగు పొంగి, అడవిలో చిక్కుకుపోయారు. సహాయక బృందాలు రాత్రికి రాత్రి వెళ్లి తెల్లారేసరికి బయటికి తెచ్చాయి. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఇరవయ్యేళ్ల వయసులో నీళ్లు కనబడితే దిగాలనే ఉంటుంది. కొండ వాగు ఎలా వస్తుందో వాళ్లకి చెప్పాల్సిన పెద్దలం మనం. మన నెత్తిన ఎండ కాస్తుంటే, పైన నాలుగు మైళ్ల అవతల కురిసిన వాన నిమిషాల్లో వచ్చి మీద పడుతుంది. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. పాచి పట్టిన బండ మీద ఈతొచ్చినవాడి కాలు కూడా నిలవదు. ఇవి స్థానికులకి చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్లు ‘దిగకండి బాబూ’ అంటే, ‘మాకు తెలుసులే’ అన్నాం. ప్రమాదం జరిగాక కంచె ఎందుకు వెయ్యలేదని ప్రభుత్వాన్ని అడిగాం. అడగాల్సిందే. ఉన్న బోర్డుని చదవకుండా దాటిన మనల్ని మాత్రం మనం అడగలేదు.

ఈ కొండలు ఎవరివో చట్టం ఎప్పుడో చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణని ఇంకా గట్టిపరిచింది. 1996 నాటి పెసా చట్టం తమ వనరుల మీద మాట చెప్పే అధికారాన్ని గ్రామసభకి ఇచ్చింది. చదువుకున్నవాళ్లం, ఇవన్నీ పరీక్షలకి బట్టీపట్టినవాళ్లం. లోయలో కొత్తగా లేచిన రిసార్టులో గది తీసుకునేటప్పుడు, ఈ నేల ఎవరిది, ఎవరి పేరు మీద ఉంది, లాభం ఎవరికి పోతోంది అని కౌంటర్ దగ్గర ఎంతమందిమి అడిగాం? ఏసీ ఉందా, వేడినీళ్లు వస్తాయా అని అడిగాం.

అన్నిటికన్నా పెద్ద తప్పు దారుల దగ్గర జరిగింది. మనం ట్రెక్కింగ్ అని సరదాగా నడిచే కాలిబాటలు కొండ మీది గూడేలకి ఆస్పత్రి దారులు. రోడ్డు లేని చోట నొప్పులొచ్చిన మనిషిని కర్రకి దుప్పటి కట్టి, డోలీలో పడుకోబెట్టి, ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా భుజం మార్చుకుంటూ మైళ్లకి మైళ్లు మోస్తారు. వానాకాలంలో ఆ వార్త పేపర్లో రాని నెల ఉండదు. ఆ డోలీ తారురోడ్డుకి చేరాక అంబులెన్సు ఎక్కాలి. డిసెంబరు చివరి వారంలో ఆ తారురోడ్డు మీద బంపర్‌కి బంపర్ ఆనించి గంటల తరబడి నిలిచిపోయేవి మన కార్లే. వ్యూ పాయింట్ దగ్గర రోడ్డు పక్కన బండి ఆపితే ఒక్క ఫోటోయే కదా అనుకున్నాం.

ఇన్నేళ్లలో మనం పర్యాటకుల పేరుతో పాలకులకి పెట్టుకున్న అర్జీలు గుర్తు చేసుకుంటే సిగ్గేస్తుంది. పార్కింగ్ పెంచమన్నాం, మెట్లు కట్టమన్నాం, సిగ్నల్ టవర్ వేయమన్నాం. ఆ కొండల అందాన్ని లక్షల ఫోన్లలోకి పంపిన మన గొంతుకి బలం లేదని ఎవరూ అనలేరు. డోలీలు ఆగేదాకా మాకు కొత్త వ్యూ పాయింట్లు వద్దు, ముందు గూడేనికి రోడ్డు వెయ్యండి అని ఆ గొంతుతో ఒక్క అర్జీ కూడా పెట్టలేదు.