సేవ - నాయకత్వ శిక్షణ

యువజనులే రేపటి నాయకులని ప్రతి వార్షికోత్సవంలోనూ పెద్దలు సెలవిస్తూనే ఉన్నారు. ఆ నాయకత్వాన్ని ఏ తరగతిలో, ఏ పాఠంగా బోధిస్తున్నారో మాత్రం ఎవరూ సెలవీయరు.

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. 'నేను కాదు, నీవు' అన్నది దాని ఆదర్శం. ఇందులో చేరిన విద్యార్థి ఏటా 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలి. ఉద్దేశం ఉత్తమమైనదే. కాని చాలా చోట్ల జరుగుతున్నదేమిటి? గ్రామాన్ని ఎన్నుకునేది అధ్యాపకుడు, పనిని నిర్ణయించేది అధ్యాపకుడు, పద్దు రాసేది గుమాస్తా. విద్యార్థికి మిగిలేది పార ఒక్కటే. పార పట్టడం చిన్నతనమని మేము అనడం లేదు. నిర్ణయం చేసే అవకాశం లేనివానికి నాయకత్వం అలవడదని మాత్రమే మా వాదన.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శనలో పదునాలుగేళ్ల స్వచ్ఛంద సేవిక ఒకతె, టిక్కెట్టు లేదన్న కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను ద్వారం వద్ద నిలిపివేసింది. టిక్కెట్టు తెచ్చిన తరువాతనే లోపలికి పంపింది. ఆ బాలికే దుర్గాబాయి దేశ్‌ముఖ్. అనంతరకాలంలో ఆమె ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. ఆనాడు ఆమెకు అప్పగించినది ఉపన్యాసం కాదు, ఒక ద్వారం. పెద్దలు ఆమెను నమ్మి ఆ ద్వారాన్ని అప్పగించారు.

మన పట్టణంలో అటువంటి ద్వారాలకు కొదవ లేదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. ఆ సంవత్సరమే ఉర్దూ మన రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. చట్టంలో స్థానం లభించినంత మాత్రాన, ఉర్దూ తప్ప చదవలేని వృద్ధురాలు పింఛను దరఖాస్తు నింపుకోగలదా? బెల్లం మార్కెట్టులో బరువులు మోసే కూలీకి ఆసుపత్రి చీటీ అర్థమవుతుందా? (అతనికి తెలుగు చదువు కూడా లేకపోవచ్చు.) రెండు భాషలు నేర్చిన మన విద్యార్థినీ విద్యార్థులకు ఇంతకంటె తగిన సేవ ఏమున్నది? ఎక్కడో దూరాన ఉన్న గ్రామంలో వారం రోజులు ఊడ్చి వచ్చేకంటె, ఊరిలోనే ఒక పేటను స్వీకరించి, వారానికి మూడు గంటల చొప్పున నలభై వారాలు దరఖాస్తులు రాసిపెట్టినా, చీటీలు చదివి చెప్పినా ఆ 120 గంటలూ నిండుతాయి.

అయితే ఏ పేటకు వెళ్లాలో, ఎవరి దరఖాస్తు ముందు రాయాలో విద్యార్థులే నిర్ణయించాలి. ఖర్చుల పద్దు వారే రాయాలి. నెలకొకసారి కమిటీ ముందు నిలబడి లెక్క చెప్పాలి. పొరపాట్లు జరుగుతాయి, జరగనీయండి. ఆడపిల్లలను వీధుల్లోకి ఎలా పంపగలమని కొందరు పెద్దలు సంశయించవచ్చును. పేటలోని స్త్రీలు తమ ఇంటి కష్టం చెప్పుకునేది వారితోనే కదా! ఇద్దరిద్దరుగా, పగటివేళ, తల్లిదండ్రుల అనుమతితో పంపవచ్చును.

వచ్చే విద్యా సంవత్సరం ఆరంభంలోనే పేట ఎంపికను, పద్దు పుస్తకాన్ని విద్యార్థులకు అప్పగించవలసిందిగా కమిటీ వారిని కోరుతున్నాము.