డీహెచ్‌సీపీకి తలుపు తీస్తే ఇంకో ఆరు పోర్టులు దూరుతున్నాయి

సెకండ్‌హ్యాండ్ సిస్కో లేయర్ 3 స్విచ్ కొన్నారు. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు ఒక వీల్యాన్‌లో, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇంకో వీల్యాన్‌లో పెట్టారు. మంచి పనే. కానీ డీహెచ్‌సీపీ సర్వర్ రెండో వీల్యాన్‌లో ఉంటే కెమెరాలకి ఐపీ అడ్రస్ రాదు. కెమెరా తన రిక్వెస్ట్‌ని 255.255.255.255కి బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది, అది వీల్యాన్ గోడ దాటదు. అసలు వీల్యాన్ ఉన్నదే అందుకు.

దీనికి ఎవరినడిగినా చెప్పే మందు ఒకటే: ఇంటర్‌ఫేస్ మీద 'ఐపీ హెల్పర్-అడ్రస్' అని ఒక్క లైన్. అప్పుడు స్విచ్ ఆ బ్రాడ్‌కాస్ట్‌ని పట్టుకుని యూనికాస్ట్‌గా మార్చి నేరుగా సర్వర్‌కి పంపుతుంది. డీహెచ్‌సీపీ ప్యాకెట్ అయితే 'జీఐ అడ్రస్' ఫీల్డ్‌లో తన ఇంటర్‌ఫేస్ ఐపీ కూడా రాస్తుంది. దాన్ని చూసే ఏ పూల్ నుంచి అడ్రస్ ఇవ్వాలో సర్వర్‌కి తెలుస్తుంది. ఇంతవరకూ సూపర్.

నా గొడవ డిఫాల్ట్ సెట్టింగ్‌తోనే. సిస్కో ఐఓఎస్‌లో ఆ ఒక్క లైన్ మొత్తం 8 యూడీపీ పోర్టుల బ్రాడ్‌కాస్ట్‌లని దాటిస్తుంది. 67, 68 డీహెచ్‌సీపీవి, సరే. మరి 37 టైమ్, 49 టకాక్స్, 53 డీఎన్‌ఎస్, 69 టీఎఫ్‌టీపీ, 137, 138 నెట్‌బయోస్ ఎందుకు? హార్డ్‌డిస్క్ లేని కంప్యూటర్లు నెట్‌వర్క్ నుంచి బూట్ అయిన రోజుల్లో వీటికి అర్థం ఉండేదేమో. ఇప్పుడు మీ డీహెచ్‌సీపీ సర్వర్ న్యాస్ బాక్స్‌లోనే నడుస్తుంటే, చవక కెమెరా నెట్‌బయోస్‌లో పెట్టే కేకలన్నీ దాని గుమ్మంలోకే వస్తాయి. రేపే హ్యాక్ అయిపోతారని భయపెట్టడం లేదు. కానీ కష్టపడి గోడ కట్టి, మనం అడగని కిటికీలు ఎందుకు వదలాలి?

గ్లోబల్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి 'నో ఐపీ ఫార్వర్డ్-ప్రోటోకాల్ యూడీపీ' అని కొట్టి, పక్కన పోర్ట్ నంబర్ ఇవ్వండి. ఆరు పోర్టులకి ఆరు లైన్లు, అంతే. ఐపీ ఫోన్లు టీఎఫ్‌టీపీ వాడతాయి కదా అంటారా? వాటికి సర్వర్ అడ్రస్ డీహెచ్‌సీపీ ఆప్షన్ 150లోనే వస్తుంది. బ్రాడ్‌కాస్ట్ అక్కర్లేదు.

క్రోమ్‌కాస్ట్ కనబడటం లేదని హెల్పర్‌కి 5353 పోర్ట్ తగిలించేవాళ్లూ ఉన్నారు. దండగ. ఎండీఎన్‌ఎస్ వాడేది 224.0.0.251 మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్ కాదు. దానికి ఎండీఎన్‌ఎస్ రిఫ్లెక్టర్ కావాలి. వేక్-ఆన్-ల్యాన్ మాత్రం హెల్పర్‌తో చేయొచ్చు, కానీ అవతలి వీల్యాన్‌లో డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్ ఆన్ చేయాలి. స్మర్ఫ్ దాడుల దెబ్బకి 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 డిఫాల్ట్‌గా ఆఫ్ చేయమన్నది దాన్నే. నేనైతే దాని జోలికి పోను. ఆ వీల్యాన్‌లోనే ఒక రాస్‌బెర్రీ పై పెట్టి, మ్యాజిక్ ప్యాకెట్ అక్కడి నుంచే కొట్టిస్తాను.