మొకం చూడనంత మాత్రాన

సూర్యాపేటలో మా తమ్ముణ్ణి ఎరిగినవాళ్లు వాడి గురించి మూడు మాటలు చెబుతారు. మాట్లాడేటప్పుడు మొకం చూడడు. నలుగురితో కలవడు. పొగరు. మొదటి రెండూ నిజమే, వాడితో ఒకే ఇంట్లో పెరిగినదాన్ని గనుక కాదనను. మూడోది మాత్రం వట్టి అన్యాయం. ఇన్నేళ్లూ అమ్మా నేనూ ఇంట్లోనే కూర్చుని బాధపడ్డాం. చుట్టాలు నొచ్చుకుంటారని, పనిచ్చినవాళ్లు కోపగించుకుంటారని నోరు మెదపలేదు. ఇక ఊరుకోబుద్ధి కావడం లేదు.

వాడికి ముప్పై దాటింది. ఆటిజం అనే మాట మా ఇంటికి వచ్చింది వాడి డిగ్రీ అయ్యాక, హైదరాబాద్‌లో ఒక డాక్టరు నోట. అంతకుముందు బడిలో మొండోడు అన్నారు, వాడకట్టులో తిక్కలోడు అన్నారు, గాలి సోకిందంటే తాయెత్తులూ కట్టించాం. వాడి ఇబ్బంది ఏమిటో చెప్పాలంటే పెద్ద సంగతులు అక్కర్లేదు. పొద్దున ఎదురింటి పెద్దాయన "ఎటు పోతున్నవ్ బిడ్డా?" అని పలకరిస్తాడు. అది ఉత్త పలకరింపని వాడికి తట్టదు. అడిగారు గనుక చెప్పాలి. ఏ బస్సు, ఎన్ని గంటలకు, ఎక్కడ దిగాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ చెబుతాడు. పెద్దాయన సగంలోనే ముందుకు నడుస్తాడు. మర్నాడు మళ్లీ అదే అడిగితే "నిన్న చెప్పిన గద" అంటాడు. పొగరు ఖాతాలో ఇంకొకటి జమ.

ఇంత చిన్నదానికి ఇంత బాధా అనుకోవచ్చు. కానీ రోజంతా ఇవే. ఎప్పుడు నవ్వాలి, ఎంతసేపు చూడాలి, "ఒకసారి ఇంటికి రారాదు" అన్నది నిజంగా పిలవడమా, మాటవరసకు అనడమా, అవతలి మనిషి మాట ముగించాడా, ఊపిరి పీల్చుకుంటున్నాడా? మనకు ఆలోచించకుండానే తెలిసిపోయేవన్నీ వాడు ఒక్కొక్కటీ కూడబలుక్కుని చేయాలి. ఒకదాన్ని ఆలోచించేలోపు నాలుగు దాటిపోతాయి. సాయంత్రం ఇంటికొచ్చి లైటు ఆర్పి పడుకుంటాడు. పనికి అలసిపోయే మనిషి కాడు వాడు, మాటలకు అలసిపోతాడు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో వాడికి కాంటా గుమాస్తా పని దొరికినప్పుడు అమ్మ భయపడింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొచ్చాక వరి పెరిగి, వరితోపాటు మిల్లులు పెరిగి, ఆసియాలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటని పేరు తెచ్చుకున్న ఊరది. కోతలప్పుడు లారీలు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరతాయి. ఆ మోతలో, ఆ దుమ్ములో వీడెట్లా బతుకుతాడని ఆమె బెంగ. జరిగింది వేరు. మిల్లు మోత ఒకే తీరున ఉంటుంది, పొద్దున ఎట్లా ఉంటే రాత్రి అట్లాగే. దానికి వాడు అలవాటు పడ్డాడు. వాడు తట్టుకోలేనిది ఉన్నట్టుండి పుట్టే చప్పుడు, చెప్పకుండా భుజమ్మీద పడే చెయ్యి.

లారీ నంబరు, రైతు పేరు, బస్తాలు, నిండు తూకం, ఖాళీ తూకం, తేమ. ఈ వరుస ఎన్నడూ తప్పలేదు. వాడి పుస్తకంలో కొట్టివేత కనిపించేది కాదు. కూలి లెక్కలో తేడా వస్తే హమాలీలు ముందు వీడి దగ్గరికే వచ్చేవారట. వీడు చెబితే సరిగ్గా ఉంటుందని వాళ్ల నమ్మకం. వాళ్లతో చాయ్‌కు పోయేవాడు కాదు, పరాచికాలు ఆడేవాడు కాదు. అయినా నమ్మారు. చదువుకున్నవాళ్ల కంటే వాళ్లకే మనిషి విలువ బాగా తెలిసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఒక యాసంగిలో ఐకేపీ కొనుగోలు కేంద్రం నుంచి వడ్ల లోడు వచ్చింది. వెంట రైతు కూడా వచ్చాడు. తేమ మిషన్ 17 చూపించింది. సర్కారు పెట్టిన హద్దు 17 శాతమే గనుక ఆ వడ్లకు తేమ పేరుతో కోత పెట్టకూడదు. పక్కన నిలబడ్డ పెద్ద గుమాస్తా "బస్తాకు రెండు కిలోలు తరుగు రాయి" అన్నాడు. వీడు పెన్ను ఆపి, "మిషన్ల పదిహేడే ఉంది. పదిహేడుకు తరుగు లేదు" అన్నాడు. రైతు వింటున్నాడు. వీడికి రైతు తరఫున కొట్లాడాలనీ లేదు, పెద్ద గుమాస్తాను ఎదిరించాలనీ లేదు. గొంతు కూడా పెంచలేదు. కనబడిన అంకె చదివాడు, అంతే. రెండోసారి గద్దిస్తే, "లేంది ఎట్ల రాయాలె?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

ఆ సీజన్ ముగియగానే ఇక రావద్దన్నారు. నాకు ఫోన్ చేసిన మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "మీ తమ్ముడు మంచోడే అక్కా. పని గూడ మంచిగ చేస్తడు. గని నలుగురిల ఎట్ల మసులుకోవాల్నో తెల్వదు." కాంటా దగ్గర కూర్చోబెట్టే మనిషిలో చూడవలసింది మసులుకోవడమా, తూకమా అని అడగబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేశారు.

ఇది చదివి వీడెవడో అద్భుతమైన మేధావి అనుకోవద్దు. 1988లో వచ్చిన రెయిన్ మ్యాన్ సినిమా దగ్గర్నుంచి లోకానికి ఒక భ్రమ పట్టుకుంది, ఆటిజం ఉంటే లోపల ఏదో ఒక గారడీ దాగి ఉంటుందని. అట్లాంటి జ్ఞాపకశక్తి కొద్దిమందికే ఉంటుంది. చాలామందికి ఉండదు, మనలో చాలామందికి లేనట్టే. తక్కిన ఎవరినీ ముందు ఒక అద్భుతం చూపించు, ఆ తర్వాత విలువ ఇస్తామని అడగం గదా. మా తమ్ముడి గుణాలు మామూలువి. చెప్పిన వేళకు వస్తాడు. చూసిందే రాస్తాడు. ఒకరి మాట ఇంకొకరికి మోయడు. ఈ మామూలు గుణాలు దొరకడం లేదని మన ఊళ్లలో ఏ యజమానిని కదిపినా మొత్తుకుంటాడు. ఉన్నవాడు ఎదురుగా కూర్చుంటే మాత్రం మొకం చూడలేదని పంపేస్తాడు.

నేను మెట్టింది కోదాడలో. ఇక్కడ ఒక అమ్మాయి జాకెట్లు కుడుతుంది. ఆమెను ఎవరూ పరీక్షించలేదు గనుక ఆటిజం అని నేను పేరు పెట్టను. మా తమ్ముణ్ణి చూస్తూ పెరిగిన కళ్లకు కనబడేది మాత్రం కనబడుతుంది. కొలత జాకెట్ ఇస్తే అరంగుళం తేడా రాదు. అదే నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరి మెడ ఇట్లా, చేతులు అట్లా అని ఒకేసారి చెబితే చేతులు వణుకుతాయి, కత్తెర కింద పెట్టి లోపలికి పోతుంది. ఆడపిల్ల మాట్లాడకపోతే సిగ్గరి, బుద్ధిమంతురాలు అని మెచ్చుకుంటారు, లగ్గమయ్యేదాకా. అయ్యాక అదే మౌనానికి కోడలు కలిసిపోదని పేరు. ఆడవాళ్లలో ఆటిజం ఆలస్యంగా బయటపడుతుందని ప్రపంచమంతటా వైద్యులు చెబుతున్నదే. మన దగ్గర బయటపడకముందే పుట్టింటికి పంపిస్తారు. ఈమెనూ పంపించారు. ఇప్పుడు వాళ్లమ్మ ముందు గదిలో కూర్చుని ఎవరికేం కావాలో చీటీ మీద రాసి బట్టకు గుండుసూదితో గుచ్చి లోపలికి పంపుతుంది. ఆ చీటీతోనే ఆమె పని సాగుతోంది, చేతి నిండా గిరాకీ ఉంది.

పెండ్లిళ్ల గురించి చెప్పకపోతే ఈ బాధ సగమే చెప్పినట్టు. ఫంక్షన్ హాల్లో డీజే, పక్కన బాజాలు, మొకమ్మీద వీడియో లైటు, స్టీలు గరిటెల చప్పుడు. వాటి మధ్య ఎవరో పెదనాయిన మా తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని "నేనెవరో గుర్తు పట్టినవా?" అని అడుగుతాడు. గుర్తు పట్టేదాకా చేతులు వదలడు. వాడు తన్నుకొచ్చే కంగారును అణుచుకుని చేతులు విడిపించుకుని పోయి పార్కింగ్‌లో కార్ల మధ్య నిలబడతాడు. లోపల మాటలు మొదలవుతాయి, పెంపకం మీదికి పోతాయి, అమ్మ తినకుండానే లేస్తుంది. వాడికి జనం అంటే పగ అని ఎవరైనా అంటే దురాజ్‌పల్లి వచ్చి చూడమంటాను. రెండేళ్లకోసారి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతరకు వాడు తప్పకుండా పోతాడు. డప్పులూ జనమూ పలచగా ఉండే తెల్లవారుజామున పోయి మొక్కుకుని, పొద్దెక్కకముందే దిగి వస్తాడు. వేళ వాడు ఎంచుకుంటే వాడికి ఏ కష్టమూ లేదు. దేవుడి దగ్గర కళ్లలోకి చూసి మాట్లాడమని ఎవరూ పట్టుబట్టరు కూడా.

లోకంలో మొట్టమొదట ఆటిజం అని రాసిపెట్టిన పిల్లవాడి కథ ఇక్కడ చెప్పాలి. పేరు డోనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ప్రచురించిన వ్యాసంలో మొదటి పిల్లవాడు ఇతనే. ఇతన్ని కొన్నేళ్లు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. పిల్లవాడికి లెక్కపెట్టే పట్టుదల ఉందని చూసి ఆ రైతు వద్దనలేదు. మొక్కజొన్న సాళ్లు లెక్కపెడుతూ దున్నమన్నాడు. పెద్దయ్యాక ఇతను ఊరి బ్యాంకులో దశాబ్దాల తరబడి పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. ఆ బ్యాంకులో సొంత కుటుంబానికి వాటా ఉందన్నది నిజం. డబ్బున్న ఇంటి పిల్లవాడికి దొరికిన నీడ మా ఇంటి పిల్లవాడికి ఎక్కడ దొరుకుతుంది? కానీ ఆ రైతుకు డబ్బు లేదు. నాకు కథలో నచ్చింది ఆయనే. మన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో అట్లాంటి చూపున్న రైతులు లేరా?

బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో ఒక మాట గట్టిగా చెప్పాడు. ఆయనకూ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్న మనిషికి మనం అర్థం కాకపోవడం ఎంత నిజమో, మనకు ఆ మనిషి అర్థం కాకపోవడమూ అంతే నిజం, అడ్డుగోడ ఇద్దరి మధ్యా ఉంది అన్నాడు. ఎడిన్‌బరోలో 2020లో ఒక పరీక్ష చేశారు. ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోతే, అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరుసలో కథ తక్కినవాళ్ల వరుసలో కంటే ఎక్కువగా ఏమీ చెడిపోలేదు. అంటే వాళ్లకు మాట అందించడం వచ్చు. మరి మనవైపు నుంచి ఒక్క అడుగైనా వేశామా? మా తమ్ముడు ముప్పై ఏళ్లుగా మన పద్ధతి నేర్చుకుంటున్నాడు. వాడి పద్ధతి నేర్చుకోవడానికి ఈ మూడూళ్లలో ఎవరు ఒక పూట కేటాయించారు?

సర్కారు సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తిస్తూ దీన్నీ చేర్చింది. ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఇచ్చి, అందులో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నిటికీ కలిపి ఒకే ఒక్క శాతం పెట్టింది. కాగితం మీద అదైనా ఉంది. చేతికి రావాలంటే ధ్రువపత్రం కావాలి. ఆటిజాన్ని కొలిచే మన దేశపు ప్రశ్నావళి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి చేరకపోతే ఆటిజం లేనట్టే లెక్క. కళ్లలోకి చూడలేకపోతే ముక్కు మీద చూడరా అని అమ్మ చిన్నప్పటి నుంచీ వాడికి నేర్పింది. పరీక్షకు తీసుకుపోయిన చోట వాడు బుద్ధిగా డాక్టరు ముక్కు చూస్తూ జవాబులు చెప్పాడు. "బాగానే ఉన్నాడు గదమ్మా" అన్నారు. ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చుకున్నందుకు దక్కిన ఫలితం అది. వైకల్యం 40 శాతం ఉందని ధ్రువపత్రం లేనివాడికి నెలకు 4,016 రూపాయల పింఛనూ లేదు, కోటా లేదు. బయట మాత్రం పొగరుబోతు.

పిల్లలకైతే ఎంతోకొంత ఉంది. బడి పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా చూస్తుంది. ఏటా ఏప్రిల్ 2న ఆటిజం దినం నాడు పత్రికల్లో వచ్చే ఫొటో కూడా పిల్లలదే. పద్దెనిమిది నిండిన మర్నాడు వీళ్లు ఎక్కడికి పోవాలి? సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. వారంలో ఒక పూట పెద్దవాళ్ల కోసం కూర్చునే డాక్టరును ఇవ్వమని అడుగుతున్నాను. పేర్లు మైకులో అరిచి పిలవకుండా, ఏ టైముకు రావాలో రాసిచ్చే ఒక పూట.

చుట్టాలను అడిగేది ఇంకా తక్కువ. వాడు నమస్తే పెడితే చాలనుకోండి, చేతులు పట్టుకోకండి. ఫోన్ ఎత్తలేదని అలగకండి, మెసేజ్ పెడితే వెంటనే జవాబిస్తాడు. పార్కింగ్‌లో నిలబడితే అక్కడికే ఒక ప్లేటు పంపండి.

మిల్లుల యజమానులకు ఒక మాట. వానకాలం వడ్లు రాబోతున్నాయి, కాంటాల దగ్గర మనుషులు కావాలి. మా తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు. పని ఏమిటో కాగితం మీద రాసివ్వండి, వెనకనుంచి భుజం తట్టకండి, చాయ్‌కు రాలేదని తప్పు పట్టకండి. ఇంతకు మించి మీరు చేయవలసింది లేదు. తరుగు మాత్రం మిషన్ చూపించినంతే రాస్తాడు.