బంగారు చేప చెప్పిన జాతకం

మన తెలుగువాళ్ళ వారాంతపు విందుల్లో ఈ మధ్య ఒక కొత్త సరదా బయల్దేరింది. మిర్చిబజ్జీలు అయిపోయి, ఇళ్ళ ధరలూ గ్రీన్ కార్డు వరసా కూడా మాట్లాడేసుకున్నాక, ఎవరో ఒకాయన ఫోను తీసి తన డీఎన్ఏ రిపోర్టు చూపిస్తాడు. "మాది ఆర్ వన్ ఏ అండీ" అంటాడు, అచ్చం గోత్రం చెప్పుకున్నట్టే. అంటే మావాళ్ళు పైనుంచి వచ్చినవాళ్ళు, మీలాగా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కాదు అని దాని తాత్పర్యం. మాట్రిమోనీ సైట్లలో "ఫెయిర్" అని రాయించుకునే జబ్బు ఎలాగూ ఉంది. ఇప్పుడు దానికి సైన్సు ముద్ర కూడా తోడవుతోంది. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే. కులగర్వం పాతదే, దాని సంగతి మనకి తెలుసు. కానీ దానికి జన్యుశాస్త్రాన్ని సాక్ష్యం పిలుస్తుంటే, ఆ సాక్షి నిజంగా ఏం చెప్పాడో వినాలి కదా.

ముందు ఆ ఆర్ వన్ ఏ సంగతి. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. పది తరాలు వెనక్కి వెళ్తే ఆ మెట్టు మీద లెక్కప్రకారం మీకు 1024 మంది పూర్వీకులుంటారు (మేనరికాలున్న ఇళ్ళలో ఇంకాస్త తక్కువ). ఈ పరీక్ష చెప్పేది అందులో ఒకే ఒక్కడి గురించి. మిగతా 1023 మంది ఆడామగా ఎవరో, ఎక్కడివాళ్ళో దానికి పట్టదు. పోనీ ఆ ఒక్కడైనా గొప్ప ఆనవాలా? 2003లో టూమస్ కివిసిల్డ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో మన చెంచుల్లో కూడా ఇదే వంశరేఖ దాదాపు నాలుగోవంతు మగవాళ్ళలో కనిపించింది. నల్లమలలో తేనె పట్టే చెంచుకీ, న్యూజెర్సీలో ఫోను చూపించే మనవాడికీ ఉన్న గుర్తు ఒకటే. అది చెంచుకి తక్కువ కానప్పుడు వీడికి ఎక్కువ ఎలా అయింది?

ఇక తెల్లతోలు సంగతి. దీనికి ఒక చేప కథ చెప్పాలి.

పెన్సిల్వేనియాలోని హెర్షీలో పెన్ స్టేట్ వైద్య కళాశాల ఉంది. అక్కడ కీత్ చెంగ్ అనే పాథాలజిస్టు జీబ్రాఫిష్ మీద పని చేసేవాడు. వేలెడంత కూడా లేని చారల చేప. పుట్టిల్లు మన గంగా బ్రహ్మపుత్రల వాగులూ పొలాలే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ తన గంగానది చేపల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఈ చేపల్లో ఒక రకానికి చారలు నల్లగా కాకుండా పాలిపోయి బంగారు ఛాయలో ఉంటాయి. దాన్ని "గోల్డెన్" అంటారు. దాని కణాల్లో రంగు గుళికలు తక్కువ, చిన్నవి, పల్చన. కారణం వెతుక్కుంటూ పోతే ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జీన్ దగ్గర తేలింది. అదే జీన్ మనుషుల్లోనూ ఉంది. మనిషి జీన్ తాలూకు ఆర్ఎన్ఏని గోల్డెన్ చేప పిండంలోకి ఎక్కిస్తే దాని నల్లరంగు తిరిగొచ్చింది! నలభై కోట్ల ఏళ్ళకి పైగా విడిపోయి ఉన్న రెండు ప్రాణులు, ఒకదాని కోడ్ ఇంకోదాంట్లో పెడితే పనిచేసింది. మన ప్రాజెక్టుల్లో పోయినేడాది రాసిన కోడే ఈ ఏడాది నడవదు.

2005 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ పేపరులో మనుషుల భాగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఈ జీన్‌లో ఒక్క అక్షరం తేడా. దానివల్ల ప్రోటీనులో 111వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారుతుంది. యూరపు వాళ్ళలో దాదాపు అందరికీ మారిన రూపం ఉంది. ఆఫ్రికా వాళ్ళలో పాత రూపం. మరి తెల్లగా ఉండే చైనా, జపాను వాళ్ళలో? వాళ్ళలోనూ పాత రూపమే! ఈ ఒక్క చోట చూస్తే టోక్యో మనిషి లాగోస్ మనిషికి చుట్టం, లండన్ మనిషికి కాదు. తూర్పు ఆసియా వాళ్ళ తెలుపు వేరే జీన్ల దారిన వచ్చింది. చేపల్లోనూ అంతే: సముద్రం వదిలి వాగుల్లో చేరిన స్టికిల్‌బ్యాక్ చేపల్లో రంగు తగ్గడం వెనక కిట్ లైగాండ్ అనే జీన్ ఉందనీ, మనుషుల్లోనూ అదే చర్మం రంగు మీద పనిచేస్తుందనీ స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ కింగ్స్‌లీ బృందం 2007లో చూపించింది. రంగు అనేది ప్రకృతి ఎన్నిసార్లో మార్చి మార్చి చూసుకున్న పైపూత. దాన్నిబట్టి వంశం చెప్పడం, గోడ సున్నం చూసి ఇంటి పునాది లోతు చెప్పడం లాంటిది.

మరి మన సంగతి? హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. దక్షిణాదిలో 1228 మంది చర్మం రంగుని పరికరంతో కొలిచి, ఈ జీన్‌తో పోల్చారు. రంగులో ఉన్న తేడాల్లో సుమారు 27 శాతాన్ని ఈ ఒక్క అక్షరమే వివరిస్తోంది. మనలో ఉన్న మారిన రూపమూ యూరపు వాళ్ళలో ఉన్నదీ ఒకే మూలం నుంచి వచ్చాయి; ఆ మూలం వయసు 22 నుంచి 28 వేల ఏళ్ళు అని లెక్కగట్టారు. అంటే కులాలూ గోత్రాలూ వేదాలూ ఏవీ లేని కాలం. ఒకే తల్లి పిల్లల్లో ఒకడికి రెండు కాపీలు, ఇంకొకడికి ఒకటీ రావచ్చు. "అక్క తెలుపు, చెల్లెలు చామనఛాయ" అని మనం పెళ్ళిచూపుల్లో చెప్పుకునేది ఆ పాచికల ఆట గురించే. కోట్లు ఖర్చుపెట్టి క్రీములు అమ్ముకునేది కూడా ఈ ఒక్క అక్షరం పేరు మీదే.

ఈ మోజుకి అమెరికాలో పాత చరిత్ర ఉంది. 1922లో జపానీయుడు టకావో ఒజావా పౌరసత్వం అడిగితే, నీ తోలు తెల్లగా ఉంటే సరిపోదు, కాకేసియన్ జాతివాడివై ఉండాలి అంది సుప్రీంకోర్టు. మూడు నెలలు దాటీదాటగానే, 1923 ఫిబ్రవరిలో, పంజాబు నుంచి వచ్చి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. నేను కాకేసియన్నే, అగ్రకులపు ఆర్యుణ్ణి అన్నది ఆయన వాదం. ఇక్కడి తెల్లవాళ్ళు నల్లవాళ్ళని పెళ్ళి విషయంలో ఎలా దూరం పెడతారో, మా అగ్రకులాలూ అక్కడి ఆదివాసుల్ని అలాగే దూరం పెడతాయని కూడా ఆయన తరఫున వాదించారు. కోర్టు ఏమంది? జాతి శాస్త్రం ఏమన్నా కానీ, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది. ఆ తీర్పుతో అప్పటికే వచ్చిన పౌరసత్వాలు కూడా కొందరు భారతీయులకి ఊడిపోయాయి. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మనకి ఆ తలుపు తెరుచుకోలేదు. పక్కవాణ్ణి కిందకి తోసి పైమెట్టు ఎక్కుదామనుకుంటే, పైమెట్టు మీదున్నవాడు ఇద్దర్నీ కలిపి తోసేశాడు. ఈ దేశంలో ఉంటూ కూడా ఆ పాఠం మనకి ఎక్కకపోతే ఎలా?

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది, దాన్ని తప్పించుకోకూడదు. "మనుషులంతా ఒకటే అంటారు కానీ, డీఎన్ఏ చూస్తే కులాలు వేరువేరుగా కనిపిస్తున్నాయి కదా?" నిజమే. 1972లో రిచర్డ్ లెవాంటిన్ 17 జీన్లు తీసుకుని లెక్కగడితే, మానవ వైవిధ్యంలో 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉందని తేలింది. "జాతుల" మధ్య తేడా 6 శాతం చిల్లర. ఆ లెక్క నిలిచింది. అయితే 2003లో ఎడ్వర్డ్స్ అనే కేంబ్రిడ్జి శాస్త్రవేత్త, ఒక్కో జీన్ విడిగా చూస్తే తెలియదు కానీ చాలా జీన్లు కలిపి చూస్తే ఎవరు ఏ సమూహమో చెప్పొచ్చు అన్నాడు. అదీ నిజమే. కానీ విడిగా గుర్తుపట్టగలగడం వేరు, ఎక్కువతక్కువలు వేరు. నంబరు ప్లేటు చూసి కారు ఏ రాష్ట్రానిదో చెప్పొచ్చు, ఇంజను సంగతి చెప్పలేం.

పైగా మన కులాలు వేరుగా ఎందుకు కనిపిస్తున్నాయి? ఇవాళ్టి మన సమూహాలు దాదాపు అన్నిట్లోనూ, గిరిజనులతో సహా, 4200 నుంచి 1900 ఏళ్ళ కిందటి మధ్యకాలంలో జనం బాగా కలిసిపోయారని 2013లో ప్రియా మూర్జాని, సీసీఎంబీ తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందం చెప్పింది. ఆ తర్వాత ఎవరి గదిలోకి వాళ్ళు పోయి గడియ పెట్టుకున్నారు. గడియ పెట్టింది జీన్లు కాదు, మనుషులు.

ఆ గడియకి మూల్యం కూడా ఉంది. 2017లో ఇదే బృందాల వాళ్ళు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల్ని పరిశీలించి, 81 సమూహాలు ఫిన్లాండు వాళ్ళకంటే, అష్కెనాజీ యూదులకంటే ఇరుకైన మూలం నుంచి వచ్చాయని చూపించారు. మన వైశ్యులు అందులో పెద్ద ఉదాహరణ. వాళ్ళలో బ్యుటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం మిగతావాళ్ళకంటే సుమారు వందరెట్లు ఎక్కువ. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆపరేషనప్పుడు కండరాల సడలింపుకి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు కొద్ది నిమిషాల్లో విరగాల్సింది గంటలు గంటలు విరగదు, మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ఇది మేనరికం సమస్య కూడా కాదు. "మేము దగ్గర చుట్టరికాలు చెయ్యం" అనుకునేవాళ్ళకీ వర్తిస్తుంది, ఎందుకంటే వేల ఏళ్ళుగా బయటి సంబంధం లేని గుంపులో, బంధువులు కాని ఇద్దరు కూడా ఒకే పాత పూర్వీకుడి దోషాన్ని మోస్తూ ఉండొచ్చు.

యూదులు ఏం చేశారో చూడండి. టే-సాక్స్ అనే జబ్బు పసిపిల్లల్ని చంపుతుంటే 1971లో బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతాల్లో పరీక్షలు మొదలుపెట్టారు. మత పెద్దలు కలిసొచ్చారు. అమెరికా, కెనడా యూదుల్లో ఆ జబ్బుతో పుట్టే పిల్లలు తొంభై శాతానికి పైగా తగ్గారు. అదే సైన్సు, అదే ఉమ్ము, అదే రక్తం చుక్క. వాళ్ళు దాంతో పిల్లల్ని బతికించుకున్నారు. మనం గోత్రం కబుర్లు చెప్పుకుంటున్నాం.

మన మహాసభల్లో పెళ్ళి పరిచయ వేదికలకి పెద్ద హాలు దొరుకుతుంది. దాని పక్కన ఒక్క బల్ల వెయ్యండి. క్యారియర్ పరీక్షలంటే ఏమిటో చెప్పే డాక్టర్లకి మనలో కొదవా? ఆపరేషనుకి ముందు మత్తు డాక్టరుకి ఇంట్లో ఎవరికైనా మత్తు ఆలస్యంగా విరిగిందా అన్న సంగతి చెప్పాలని ఒక కాగితం పంచండి. ఇక పిల్లలు వేరే కులంలోనో, వేరే దేశంలోనో నచ్చినవాళ్ళని తెచ్చుకుంటే, దయచేసి సైన్సు పేరు చెప్పి అడ్డుపడకండి. అడ్డుపడటానికి మీ దగ్గర చాలా కారణాలు ఉండొచ్చు. జన్యుశాస్త్రం మాత్రం వాటిల్లో లేదు.