రక్తం ఎక్కడికి పోతోంది?

రమజాన్ ముగిశాక ఇంటి పెద్దాయన ముఖం పాలిపోయి, నాలుగు మెట్లకే ఆయాసపడుతుంటే "రోజాల నీరసం" అని సరిపెట్టుకుంటాం. మాచర్ల, గురజాల వైపు ఎండకూ, మిరపకారానికీ కూడా ఆ నింద పడుతుంది. హిమోగ్లోబిన్ తక్కువని తేలితే ఐరన్ మాత్రలు వస్తాయి. రక్తం పెరుగుతుంది, మాత్రలు మానగానే మళ్లీ తగ్గుతుంది. రోజాలు రక్తాన్ని ఇలా హరించవు. పురుషులలోనూ, ముట్లుడిగిన స్త్రీలలోనూ ఇనుము లోపం కనబడితే, లోపల ఎక్కడైనా రక్తం కారుతున్నదేమోనని వెదకాలి.

మలం తారులా నల్లగా రావడం ఒక గుర్తు. అయితే ఐరన్ మాత్రలూ మలాన్ని నల్లబరుస్తాయి. కొద్దికొద్దిగా పోయే రక్తం అసలు కంటికే కనబడదు.

నోటి గుండా చేసే ఎండోస్కోపీ జీర్ణాశయం దాటి కొద్ది దూరమే చూస్తుంది. కొలనోస్కోపీ పెద్దపేగును చూసి, చిన్నపేగు చివరి అంచున ఆగుతుంది. రెండూ "నార్మల్" అని రాగానే మనవారు మిఠాయిలు పంచినంత పని చేస్తారు. కానీ నడుమ సుమారు 6 మీటర్ల చిన్నపేగును ఎవరూ చూడనే లేదు! అక్కడ గడ్డలు అరుదే. రక్తనాళాల లోపాలు, పుండ్లు ఎక్కువ. అయినా జిస్ట్ వంటి గడ్డ నొప్పి లేకుండానే నెలల తరబడి రక్తం కార్చగలదు.

2001లో ఆ చీకటిలోకి రెండు దారులు తెరచుకున్నాయి. మాత్రలాంటి కెమెరాకు అమెరికాలో అనుమతి లభించింది. జపాన్ వైద్యుడు హిరొనోరి యమమోటో రెండు బెలూన్ల ఎంటరోస్కోపీని ప్రకటించారు. మింగిన క్యాప్సూల్ సుమారు 8 గంటలు వేలాది ఛాయాచిత్రాలు పంపి, మలంతో బయటకు పోతుంది. గడ్డ వల్ల పేగు ఇరుకైతే అది చిక్కుకోవచ్చు. కడుపునొప్పి, వాంతులు, పాత ఆపరేషన్ ఉంటే ముందే చెప్పాలి. అప్పుడు సి.టి. స్కాన్ తీసి చూస్తారు. క్యాప్సూల్ ఒక్కోసారి గడ్డను గుర్తించకుండానే దాటిపోతుంది. పరీక్షకు ముక్క తీయలేదు. ఎంటరోస్కోపీ మాత్రం చొక్కా చేతిని మడచినట్లు పేగును గొట్టంపైకి మడుస్తూ లోపలికి వెళ్లి, ముక్క తీసి, గడ్డ ఉన్నచోట సిరాతో గుర్తు పెడుతుంది. ఆపరేషన్ చేసే వైద్యునికి వెదుకులాట తప్పుతుంది.

క్యాప్సూల్‌ను నీటితో మింగాలి గనుక ఆనాడు రోజా ఉండదు. రోగికి మినహాయింపు ఖుర్ఆన్‌లోనే ఉంది. తరువాత ఖజా చేసుకోవచ్చు. రక్తం పోతున్న మనిషి పరీక్షను ఈద్ దాకా వాయిదా వేయడం నాకు సబబుగా తోచదు.

హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో ఈ పరీక్షలు చేస్తారు. నరసరావుపేట నుండి ప్రతి నీరసానికీ అక్కడికి పరుగెత్తనక్కరలేదు. మొదటి రెండు పరీక్షలు గుంటూరులోనే అవుతాయి. వెళ్లేటప్పుడు పాత రక్తపరీక్షల కాగితాలు తేదీల వరుసలో పెట్టుకోండి. కీళ్లనొప్పుల మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా; పేగులో పుండ్లు వాటివల్లనూ పడతాయి.