పామును కొలిచాకే పెట్టె

పోయిన ఎండాకాలం మా చిన్నోడు హైదరాబాద్ నుంచి దోస్తు కారులో చందుర్తికి వచ్చాడు. వెనక సీట్లోంచి చేపల తొట్టి ఒకటి దించాడు. అందులో చేపల్లేవు, నీళ్లు లేవు. నా ముంజేయంత లావున్న పాము చుట్ట చుట్టుకుని ఉంది.

మా అత్తమ్మ వాకిట్లోనే చేతులు జోడించి, "పురుగును ఇంట్లకు తెస్తరార?" అని అరుగు మీద కూలబడింది. వాడు నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇల్లు ఓనర్ వద్దంటున్నడు. ఇగ ఇది ఇక్కడనే ఉంటది. నీకేం పని చెప్పది. ఓ మూలకు పడి ఉంటది" అన్నాడు.

ఆ "మూలకు పడి ఉంటది" అన్న మాట మీదే నా కొట్లాట.

ముందే చెప్తున్నా, పాములంటే నాకు ప్రేమ లేదు, భయమే. కానీ ఇంట్లోకి వచ్చిన ప్రాణానికి చోటు చూపించడం ఇల్లు నడిపే మనిషి పని. తెచ్చేది పిల్లలు, సాకేది మనం. కుక్కపిల్లయినా, కుందేలైనా, పామైనా అదే కథ. అందుకే పెట్టె ఎంతుండాలో చెప్పే హక్కు కూడా మనదే.

వాడు తెచ్చింది రెడ్ టెయిల్ బోవా. దక్షిణ అమెరికా పాము, విషం లేదు. కొన్నప్పుడు మూరెడు ఉందట, ఇప్పుడు 5 అడుగులు. తొట్టి 3 అడుగులు. ఇంకా పెరుగుతుంది. బాగా ఎదిగిన బోవాలు 6 నుంచి 8 అడుగులు ఉంటాయి, 20 ఏళ్లకు పైగా బతుకుతాయి. అంటే వాడి పెళ్లయి, పిల్లలు బడికి పోయేనాటికి కూడా ఈ పాము ఉంటుంది. మూరెడు పిల్లను చూసి తొట్టి కొన్నాడు కానీ, ఎదిగే పామును తలుచుకోలేదు.

దగ్గరికి పోయి చూస్తే దాని ముక్కు కొస ఎర్రగా చెక్కుకుపోయి ఉంది. "ఏందిరా ఇది?" అంటే, "అద్దానికి రాసుకుంటదమ్మా, అలవాటు" అన్నాడు. అలవాటు కాదు కొడుకా, అది బయటికి తొవ్వ వెతుక్కుంటుంది.

వాడి దగ్గర ఒక వాదన ఉంది. పామును అమ్మినోళ్లు నేర్పిన వాదన. పాములు బొరియల్లో ముడుచుకుని ఉంటాయి కదా, చిన్న పెట్టెలోనే ధైర్యంగా ఉంటాయట, పెద్ద పెట్టెలో వేస్తే బెదిరి తిండి మానేస్తాయట. సగం నిజం కాబట్టే ఈ మాట నమ్ముతారు. దాక్కునే చోటు చిన్నదే ఉండాలి, ఒప్పుకుంటా. నేనూ చలికాలం దుప్పట్లో ముడుచుకునే పడుకుంటా. అంతమాత్రాన నాకు మంచమంత ఇల్లు చాలునా? పెద్ద పెట్టె చేయించి, వేడిగా ఉండే వైపు ఒకటి, చల్లగా ఉండే వైపు ఒకటి గూళ్లు పెడితే, ఎప్పుడు ముడుచుకోవాలో, ఎప్పుడు చాపుకోవాలో అదే చూసుకుంటుంది. 2019లో క్లిఫర్డ్ వార్విక్, ఆయన తోటివాళ్లు పెంపుడు పాముల మీద పరిశోధన చేసి చెప్పింది కూడా ఇదే. పాములు ఒళ్లు నిటారుగా చాపుకుంటాయి, పాము పొడుగు కంటే పొట్టి పెట్టె దానికి తగదు అని.

"కూసునేతందుకు జాగ ఉంది గద, ఇంకేం గావాలె?" అనే మాట ఆడవాళ్లం మనం వినని ఇల్లుందా? ఇంకో ప్రాణాన్ని ఆ మాట మనమే ఎట్లా అంటాం?

ఇక అద్దం సంగతి. చల్లటి దేశాల వాళ్లు పెట్టెకు వేడి ఎట్లా పెట్టాలో చెప్తారు. మన దగ్గర మే నెలలో ఇల్లే కొలిమి. బోవాకు వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలు, చల్లటి వైపు 25, 26 డిగ్రీలు చాలు. మన మధ్యాహ్నాలు 40 దాటుతాయి. కిటికీ పక్కన ఎండ తగిలే అద్దాల పెట్టె అంటే పామును ఉడకబెట్టే గిన్నె. మనకు ముందు నీడగది, గాలి ఆడే జాలీలు, కూలరు, పాము మొత్తం మునిగేంత నీళ్ల తొట్టి కావాలి. బల్బు చలికాలం రాత్రుళ్లకే. అదీ థర్మోస్టాట్ పెట్టి, బల్బు చుట్టూ జాలీ కట్టి. లేకపోతే పాము దాన్నే చుట్టుకుని కాల్చుకుంటుంది.

తలుపు ముందువైపు ఉండాలి. పైనుంచి చెయ్యి దిగితే దానికి గద్ద దిగినట్టే. తాళం తప్పనిసరి. ఇంట్లో ముసలమ్మ ఉంది, పసిపిల్లలు వచ్చిపోతుంటారు. తప్పించుకున్నవీ, జనం వదిలేసినవీ అయిన బర్మా కొండచిలువలు అమెరికాలోని ఫ్లోరిడాలో అడవినే ఖాళీ చేశాయి. వాటిని పట్టడానికి 2017లో మన తమిళనాడు నుంచి ఇరుల వాళ్లను పిలిపించుకున్నారు.

కాయితం సంగతి కూడా అడగండి. ఇట్లాంటి విదేశీ జీవులను పెంచితే వివరాలు నమోదు చేయాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు తెచ్చింది. పొలంలో దొరికిన మన కొండచిలువకైతే ఎంత మంచి పెట్టె చేయించినా తప్పే. 1972 చట్టంలో అది మొదటి షెడ్యూలు జీవి. ఫారెస్టోళ్లకు అప్పజెప్పడమే.

ఇంత మాట్లాడే నేను ఏం చేశానో కూడా చెప్పాలి. నాగుల పంచమికి పాములాయన బుట్టతో వస్తే ఏటా దోసెడు బియ్యం, పాత చీర ఇచ్చి దండం పెట్టాను. ఆ నాగుపాము నోరు కుట్టి ఉంటుందని, నెలల తరబడి ఆ బుట్టలోనే ఉంటుందని ఒక్కనాడు అడగలేదు. ఆయనకు అది పొట్టకూటి తిప్పలు. మా వాడికేమో సరదా. బుట్టను చూసి పాపమని, అద్దాల పెట్టెను చూసి షోకని అంటే న్యాయం కాదు. పాముకు రెండూ ఒక్కటే.

వడ్లాయనను పిలిపించి 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పుతో ప్లైవుడ్ పెట్టె చేయించాను. వార్నిష్ వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టాం. పైసలు వాడి జీతంలోంచే. కొత్త పెట్టెలో వదిలిన మూడోనాటి రాత్రి మంచినీళ్లకు లేచి చూస్తే, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిటారుగా చాపుకుని ఉంది. ఎంత పొడుగుందో నేను చూడటం అదే మొదటిసారి.

మీ పిల్లలు రేపు పామును తెస్తామంటే కాదనకండి, అవుననకండి. టేపు చేతికిచ్చి, ఎదిగిన పాముకు పట్టే పెట్టె ఇంట్లో ఎక్కడ పెడతారో కొలిచి చూపించమనండి. జాగా లేకపోతే పామూ లేదు.

మా ఇంట్లో ఆ జాగా చిన్నోడి మంచం ఉన్న చోటే దొరికింది. మంచం తీయించేశాను. దసరాకు వచ్చి, "నేనేడ పండాలె అమ్మా?" అన్నాడు.

"చాప ఉంది కొడుకా. ఓ మూలకు పడి ఉండు" అన్నాను.