నంబరు కలవకపోతే బండి కాదా?

"బాబాయ్, ఇంజన్ నంబరు, చాసీ నంబరు జోడీ కాదు. ఇది ఒరిజినల్ బండి కాదు. పాత ఇనుము రేటుకైతే చెప్పు, ఇవాళే ఎత్తించుకుపోతా." మొన్న గురజాల దగ్గర ఒక పెళ్లిలో, మా బంధువు పాత బుల్లెట్ ముందు గొంతుక్కూర్చుని, సెల్‌ఫోన్ లైటుతో దాని పొట్ట కింద వెతికి, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు తేల్చిన తీర్పు ఇది. బండి యజమాని ఏమీ అనలేదు. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. కుడివైపు గేరున్న ఆ బండి మీదే ఆయన మిరప మండీకి తిరిగాడు, పిల్లల్ని హాస్టళ్లలో దింపాడు, కాలువ కట్టల మీద అర్ధరాత్రి నీటి వంతులు కాశాడు. అలాంటి బండిని ఒక నంబరు చూసి దొంగబండిని చేస్తారా?

ఆ కుర్రవాడు సొంతంగా కనిపెట్టిన మాట కాదిది. పాత బండ్ల బజారు మొత్తానికి ఇప్పుడు పట్టిన జబ్బు. ఇంగ్లండులో గేడన్ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ లాంటి స్పోర్ట్స్ కార్ల తయారీ రికార్డులు చాలావరకు అక్కడే ఉన్నాయి. డబ్బు కడితే చాసీ నంబరు, ఇంజన్ నంబరు, రంగు, తయారైన తేదీ, ఏ దేశానికి పంపారో రాసి ధ్రువపత్రం ఇస్తారు. ఆ కాగితంతో కారు మీది అంకెలు కలిస్తే ధర లేస్తుంది, కలవకపోతే పడిపోతుంది. ఈ భక్తినే మనవాళ్లు నెత్తిన పెట్టుకుని నరసరావుపేట షెడ్లదాకా మోసుకొచ్చారు.

అసలు ఆ దేశంలోనే కోర్టు ఏమన్నదో ఈ భక్తుల్లో ఎందరికి తెలుసు? 1929, 1930ల్లో వరసగా రెండేళ్లు లె మాన్స్ పందెం గెలిచిన బెంట్లీ కారు ఒకటుంది, పేరు ఓల్డ్ నంబర్ వన్. 1932లో దానికి పెద్ద ఇంజన్ పెట్టి బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకు మీద నడుపుతుంటే గట్టు దాటి ఎగిరిపోయింది, నడుపుతున్న క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. తర్వాత ఆ కారుకు మరో బాడీ కట్టారు. భాగాలు మారుతూనే వచ్చాయి. కోటి పౌండ్ల బేరం కుదిరాక, 1929 నాటి ఇనుము ఇందులో ఎంత మిగిలిందని కొన్నవాళ్లు అడ్డం తిరిగారు. 1990లో తీర్పు చెప్పిన జస్టిస్ ఓటన్, మిగిలిన ఇనుమును తూకం వేయలేదు. దాని చరిత్ర ఎక్కడా తెగలేదు, దాని స్థానంలోకి వేరే కారు రాలేదు, కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నారు. లె మాన్స్ గెలిచిన కారుకు చెల్లిన న్యాయం పల్నాడు బుల్లెట్‌కు ఎందుకు చెల్లదు?

అయినా ఏ కంపెనీ ఒరిజినల్? బుల్లెట్ కథే చూడండి. మన సైన్యం కోసం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1955లో దాన్ని తయారుచేసే రెడిచ్ కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ వాళ్లు ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట అక్కడి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించారు. తర్వాత యంత్రాలు, అచ్చులు కొనుక్కుని మొత్తం బండిని మద్రాసు తిరువొత్తియూరులోనే చేశారు. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970 నాటికి చేతులెత్తేసింది. పుట్టింట్లో చచ్చిన బండి మన దగ్గర బతికింది. లూకాస్ ఎలక్ట్రికల్ సామాను దొరకనప్పుడు మరొకటి అమర్చారు. ఆమల్ కార్బొరేటర్ అరిగిపోతే మిక్‌కార్బ్ బిగించారు. సిలిండరు అరిగితే రీబోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశారు, అదీ ఆగకపోతే స్లీవ్ దించారు. పార్టు దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద కొత్తది తీయించారు. ఈ మేస్త్రీల చెయ్యి పడటం వల్లే బండి ఇవాళ స్టార్టవుతోంది. ఆ చెయ్యి పడినందుకే ఇది చెల్లని బండి అంటున్నారు!

కార్ల సంగతి ఇంకా విడ్డూరం. ఎంజీ కంపెనీ 1955లో తెచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో 1489 సీసీ బి సిరీస్ ఇంజన్ ఉంది. మన పెళ్లికొడుకుల్ని ఊరేగించిన పాత పెట్రోల్ అంబాసిడర్ బానెట్ ఎత్తితే కనపడేదీ ఆ 1489 సీసీ ఇంజన్ కుటుంబమే. 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ వచ్చింది. దాని చాసీనే పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు, రెండింటికీ రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలోత్తి. ఆ హెరాల్డ్‌నే మద్రాసు దగ్గర స్టాండర్డ్ మోటార్ వాళ్లు మన రోడ్లకు ఇచ్చారు. ఆ కంపెనీ మూతపడ్డాక పార్టులు ఎవరిచ్చారు? స్పిట్‌ఫైర్‌కు ధ్రువపత్రాలు, పూజలు. దాని తోబుట్టువుకు మాత్రం కిలోల లెక్క.

ఇక దళారుల దగ్గరికి వద్దాం, నా కోపమంతా అక్కడుంది. రైతు దగ్గర కొనేటప్పుడు నంబర్లు కలవలేదని ధర సగానికి సగం కోస్తారు. అదే బండి నెల తిరక్కుండా "ఫుల్లీ ఒరిజినల్, మ్యాచింగ్ నంబర్స్" అయిపోతుంది. ఎలా? పాత అంకెల్ని అరగదీసి, వెల్డింగుతో నింపి, మళ్లీ నున్నగా చేసి, అచ్చులతో కొత్త అంకెలు కొడతారు. కొత్తగా పోసిన మచ్చ కనపడకుండా తుప్పు పట్టిస్తారు. ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెచ్చిన కొత్త ట్యాంకు మీద పాతకాలపు గీతలు గీయిస్తారు. ఇది నేరం. అంకె మార్చిన బండి రేపు ఏ దొంగతనం కేసులోనో తేలితే స్టేషన్ మెట్లెక్కేది దళారి కాదు, డబ్బు పోసి కొన్న అమాయకుడు. ఈ నేరానికి గిరాకీ పెంచింది ఎవరు? అంకెలు కలిస్తేనే విలువ అన్నవాళ్లే. నిజాయితీగా "ఇంజన్ మార్చాను" అని చెప్పినవాడికి నష్టం, అచ్చు కొట్టించినవాడికి లాభం. దీనికి వారసత్వ రక్షణ అని పేరు పెట్టుకుంటారు!

ప్రభుత్వమూ ఈ పాటే పాడింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాల నంబరు తీసుకోవచ్చు. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసీలోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ మార్పులతో పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. ఏ జమీందారు షెడ్డులోనో దుప్పటి కప్పుకుని పడుకున్న కారుకు ఇది సరిపోతుంది. యాభై ఏళ్లు పిడుగురాళ్ల సున్నపు దుమ్ములో, మాచర్ల రాళ్లదారుల్లో పనిచేసిన బండికి సరిపోతుందా? నడవని బండికి గౌరవం, నడిచినదానికి తిరస్కారం.

చరిత్ర చెడిపోతుందని కొందరు వాదిస్తారు. వాళ్లకు మ్యూజియాలున్నాయి, అక్కడ కాపాడుకోమనండి.

మన దగ్గర గేడన్ కాగితం కంటే గట్టి సాక్ష్యం ఉంది, పాత ఆర్‌సీ పుస్తకం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పును ఆర్‌టీఓ దగ్గర రాయించాలి. అలా రాయించినవాళ్ల పుస్తకంలో ఆ మార్పు ఎప్పుడు జరిగిందో ఉంటుంది. ఏ ఫైనాన్సులో తాకట్టు ఉందో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి చేతులు మారిందో కూడా ముద్రలతో, సంతకాలతో సహా ఉంటుంది. కంపెనీ కాగితం బండి పుట్టుక మాత్రమే చెబుతుంది, ఈ పుస్తకం దాని బతుకంతా చెబుతుంది. స్మార్ట్ కార్డులు వచ్చాక చాలా ఇళ్లల్లో ఆ పుస్తకం ట్రంకు పెట్టెల అడుగున పడి చెదలు పట్టిపోతోంది. మొదట దాన్ని బయటికి తీయండి. ఇంజన్ ఎవరు విప్పారో, ఏ లేత్‌లో ఏ పార్టు తీయించారో ఆ మేస్త్రీ బతికుండగానే అడిగి, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాయించి సంతకం పెట్టించండి. వింటేజ్ నిబంధనలోనూ లిఖిత చరిత్ర ఉన్న మరమ్మతును ఒప్పుకునేలా ఒక మాట చేర్చాలి. దాని వివరాలు చట్టం తెలిసినవాళ్లు తేల్చాలి.

మా బంధువుకు నేను అదే చెప్పాను. బండి అమ్మొద్దు, అమ్మాల్సి వస్తే మేస్త్రీ పేరు చెప్పి అమ్ము, ఆ కుర్రవాడికి ఆర్‌సీ పుస్తకం జిరాక్సు కూడా ఇవ్వొద్దు అని.